నీళ్లు వెతుక్కుంటూ పోయిన రోడ్డు: మోహావీ ఎడారిలో రూట్ 66

2026 నవంబర్ 11కి రూట్ 66కి నూరేళ్లు. షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఎనిమిది రాష్ట్రాల మీదుగా 2,448 మైళ్లు, అంటే సుమారు 3,940 కిలోమీటర్లు నడిచిన రోడ్డు ఇది. శతాబ్ది ఉత్సవాల కోసం 2020లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి మరీ ఒక కమిషన్ వేసింది. ఉత్సవం సంగతి అలా ఉంచితే, ఈ దారి మొత్తంలో చూసి తీరాలని చాలామంది చెప్పే, కాలిఫోర్నియాలోని మోహావీ ఎడారిలో కొన్ని ముక్కలు ఏళ్ల తరబడి మూతబడ్డాయి. కారణం వాన. 2014లో ఒకసారి, 2017లో మళ్లీ వచ్చిన వరదలకు అక్కడి చెక్క వంతెనలు దెబ్బతిన్నాయి. ఏడాది మొత్తానికి నాలుగంగుళాల వాన పడితే గొప్ప అనుకునే చోట అన్ని వంతెనలెందుకు? అవి చెక్కవెందుకు? రోడ్డు అసలు అటు ఎందుకు పోయింది? వీటికి జవాబు కావాలంటే మోటారు కారు పుట్టకముందుకు వెళ్లాలి.

1857లో ఎడ్వర్డ్ ఫిట్జరాల్డ్ బీల్ అనే మాజీ నౌకాదళ అధికారికి ప్రభుత్వం ఒక పని అప్పగించింది. ఇప్పటి అరిజోనా, న్యూ మెక్సికో సరిహద్దు దగ్గరున్న ఫోర్ట్ డిఫయన్స్ నుంచి కొలరాడో నది దాకా, 35వ అక్షాంశం వెంబడి బండ్లబాట వేయాలి. ఆయన వెంట పాతిక ఒంటెలు నడిచాయి. మధ్యధరా తీరం నుంచి ఓడల్లో టెక్సస్‌కు దించిన సైన్యం ఒంటెలవి. బీల్‌కు అవి తెగ నచ్చాయి, కంచర గాడిదలు తోలేవాళ్లకు మాత్రం అస్సలు పడలేదు. ఇంతలో అంతర్యుద్ధం రావడంతో ప్రయోగం మూలనపడింది. ఒంటెలతో పాటు వచ్చిన హాజీ అలీ అక్కడే ఉండిపోయాడు. స్థానికుల నోట ఆయన పేరు ‘హై జాలీ’ అయింది. అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్‌లో రాళ్లతో కట్టిన చిన్న పిరమిడ్, దాని మీద రేకుతో చేసిన ఒంటె బొమ్మ, అదే ఆయన సమాధి.

ఒంటెల కథ సరదాగా ఉంటుంది కానీ బీల్ వల్ల మిగిలింది అది కాదు. ఎక్కడెక్కడ ఊటలున్నాయో, ఒక ఊట నుంచి ఇంకో ఊటకు ఎన్ని మజిలీలో తేలడమే అసలు ఫలితం. ‘కనిపెట్టాడు’ అని రాసే పుస్తకాలున్నాయి. ఆ ఊటల దగ్గర వాలపాయ్‌లు, నదీతీరంలో మోహావీలు అనే ఆదివాసీ తెగలవాళ్లు తరతరాలుగా బతుకుతున్నారు. 1858లో బండ్లతో వలస వచ్చిన బృందం నది దాటబోతే మోహావీలు ఎదురుతిరిగి వెనక్కి పంపారు. మరుసటి ఏడే అక్కడ సైన్యం కోట లేచింది.

తర్వాత రైలొచ్చింది. 1883లో నీడిల్స్ దగ్గర కొలరాడో నదిని దాటింది. ఆవిరి ఇంజన్‌కు బొగ్గు లేకపోతే కట్టెలతోనైనా నడుస్తుంది, నీళ్లు లేకపోతే కదలదు. అందుకే పట్టాలు కూడా బీల్ బాట వెంటే ఊటలు పట్టుకుని వచ్చాయి. మోహావీలో పట్టాల దారిలో ఊటలు కూడా అరుదే. అక్కడ కొన్ని మైళ్లకొక మజిలీ పెట్టి, వాటికి అక్షరమాల వరసలో పేర్లు తగిలించారు: అంబాయ్, కాడిజ్, డాన్బీ, ఎసెక్స్, ఫెన్నర్, గాఫ్స్... పటం ముందు కూర్చుని పెట్టిన పేర్లని చూడగానే తెలిసిపోతుంది. అంబాయ్ పక్కనే ఉప్పుకయ్య ఉంది కాబట్టి బావి తవ్వినా తాగే నీళ్లు పడవు. చాలా కాలం ఆ ఊరికి తాగునీళ్లు రైలు ట్యాంకర్లలోనే వచ్చాయి.

అరిజోనాలో పీచ్ స్ప్రింగ్స్ అనే ఊరి పేరులోనే ఊట ఉంది. ఆ ఊట తనదేనని రైల్వే కంపెనీ పట్టుపట్టింది. వాలపాయ్‌లు ఊరుకోలేదు. వాళ్ల తరఫున ప్రభుత్వం వేసిన కేసు చివరికి సుప్రీంకోర్టుకెక్కింది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన మర్నాడు, 1941 డిసెంబర్ 8న తీర్పు వచ్చింది. ఒక తెగకు తన నేల మీద హక్కుండాలంటే ఒప్పంద పత్రం ఉండి తీరాలనేం లేదని, రైల్వేకు భూములిచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదని కోర్టు తేల్చింది. ప్రభుత్వం వాళ్లకు కేటాయించిన ప్రాంతం (రిజర్వేషన్) బయటి భూముల మీద మాత్రం వాళ్ల వాదన నిలవలేదు. ఆ రోజు పత్రికల్లో ఈ వార్తకు చోటెక్కడ ఉంటుంది? ఆదివాసుల భూమి హక్కుల గురించి మాట్లాడే లాయర్లు ఈనాటికీ ఆ తీర్పును ఉటంకిస్తూనే ఉన్నారు.

రూట్ 66 అంటే అమెరికన్లు ఇక్కడి నుంచే మొదలుపెడతారు: సైరస్ ఏవరీ. ఓక్లహోమాలోని టల్సాకు చెందిన ఈ వ్యాపారి 1920ల్లో జాతీయ రహదారులకు అంకెలిచ్చే సంఘంలో ఉన్నాడు. తన ఊరి మీదుగా పోయే దారికి 60 నంబరు కావాలన్నాడు. సున్నాతో ముగిసే అంకె అంటే పెద్ద రోడ్డని లెక్క. అది మాకే కావాలని కెంటకీ గవర్నర్ అడ్డుపడ్డాడు. నెలల తరబడి పోట్లాడాక, 1926 ఏప్రిల్ 30న మిసోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కూర్చుని ఎవరూ అడగని 66తో రాజీపడ్డారు. కొత్తగా రోడ్డేమీ వేయలేదు. ఉన్న మట్టిబాటలకు, ఊరి రోడ్లకు ఒకే నంబరు బోర్డులు కొట్టారంతే. ఎడారిలోనైతే ఆ బాటలు రైలు పట్టాల పక్కనే ఉన్నాయి, ఎందుకంటే నీళ్లున్నదీ మనుషులున్నదీ అక్కడే. చివరిదాకా తారు పడేసరికి 1938 అయింది.

ఆ రోడ్డు మీద ముందు పోటెత్తినవాళ్లు విహారయాత్రికులు కారు. దుమ్ము తుఫాన్లకు పొలాలు పోగొట్టుకుని ఓక్లహోమా, టెక్సస్ వైపు నుంచి లక్షలమంది కాలిఫోర్నియా దారి పట్టారు. మోహావీని రాత్రిపూట దాటేవాళ్లు. గుడ్డతో కుట్టిన నీళ్ల తిత్తిని రేడియేటర్ ముందు వేలాడదీసేవాళ్లు. గాలికి తిత్తి చెమర్చి లోపలి నీళ్లు చల్లబడేవి, ఇంజన్ మరిగితే అవే దిక్కు. ఎడారి ఊళ్లలో నీళ్లకు డబ్బు తీసుకునేవాళ్లు చాలామందే ఉండేవారు, ఎసెక్స్‌లో మాత్రం ఆటోమొబైల్ క్లబ్ తవ్వించిన బావి ఉండేది. అక్కడ నీళ్లు ఊరికే ఇస్తారని ఆ ఊరికి పేరొచ్చింది. ఎడారి దాటాక కూడా కష్టాలు తీరలేదు. 1936లో లాస్ ఏంజెలెస్ పోలీసు అధిపతి తన మనుషులు 136 మందిని రాష్ట్ర సరిహద్దులకు పంపి, చేతిలో డబ్బులేని వాళ్లను వెనక్కి తరిమించాడు. ఒక నగరం పోలీసులకు రాష్ట్ర సరిహద్దులో ఏం పని? పేదవాడన్న కారణంతో ఏ రాష్ట్రమూ మనిషిని ఆపకూడదని సుప్రీంకోర్టు చెప్పడానికి మరో ఐదేళ్లు పట్టింది.

నల్లజాతివారికి ఈ దారి ఇంకో రకం. పొద్దుగూకాక కనబడకూడదని బోర్డులు పెట్టిన ఊళ్లు దారి పొడవునా ఉండేవి. ఎక్కడ గది ఇస్తారో, ఎక్కడ తిండి పెడతారో చెప్పే ‘గ్రీన్ బుక్’ను విక్టర్ గ్రీన్ అనే న్యూయార్క్ తపాలా ఉద్యోగి 1936లో మొదలుపెడితే మూడు దశాబ్దాలు నడిచింది. హుషారైన పాత రోజుల జ్ఞాపకంగా ఇప్పుడు అమ్ముతున్న రోడ్డులో ఈ భాగం ఈమధ్యనే బోర్డులకెక్కుతోంది.

ఇక వంతెనలు. అంబాయ్ నుంచి తూర్పుకు పోతుంటే రోడ్డుకు సమాంతరంగా మట్టికట్ట కనిపిస్తుంది. దాని మీద నల్లరాళ్లు పేర్చి రాసిన పేర్లు, ప్రేమ గుర్తులు, ఊళ్ల పేర్లు మైళ్ల కొద్దీ ఉంటాయి.  ఫొటో తీసుకునే వాళ్లలో చాలామందికి కట్ట ఎందుకుందో తెలియదు. ఉత్తరాన కొండల మీద గంటసేపు వాన పడినా నీరు ఇంకదు, వెడల్పుగా పరుచుకుని రోడ్డు మీదికి వస్తుంది. ఆ నీటిని పోగుచేసి ఒక్కోచోట వంతెన కిందికి మళ్లించడమే కట్ట పని. మొత్తం మీద ఇలాంటి చిన్న వంతెనలు వందకు పైగా ఉన్నాయి, ఎక్కువ భాగం 1930 ప్రాంతంలో కట్టినవి. కాంక్రీటు కలపడానికి నీళ్లు లేని చోట, పట్టాల మీద దుంగలు దించుకుని రైల్వేవాళ్లు కట్టిన తీరులోనే ఇవీ కట్టుకోవడం తేలిక. తొంభై ఏళ్ల ఎండకు ఆ దుంగలు బీటలిచ్చాయి. ఇప్పటి బరువులు మోయలేవు. కట్ట తెగినచోట వరద సూటిగా వాటి కాళ్లకే తగులుతుంది.

1956 చట్టంతో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇంటర్‌స్టేట్ హైవేలకు తలుపులు తెరిచాడు. కొత్త కార్లకు ఊటతో పని లేదు. పట్టాలను అంటిపెట్టుకుని తిరగాల్సిన అవసరం లేని ఐ-40 అనే ఇంటర్‌స్టేట్ హైవేని, అంబాయ్‌ను వదిలేసి ఉత్తరాన బ్రిస్టల్ కొండల్లోంచి తిన్నగా తీసుకుపోదామనుకున్నారు. ఆ కొండను కోయడానికి 22 అణుబాంబులు పేల్చాలని 1963లో నిజంగానే ప్రణాళిక గీశారు! కాలిఫోర్నియా రహదారుల శాఖ, శాంటా ఫే రైల్వే, అణుశక్తి కమిషన్ కలిసి లెక్కలు కట్టాయి. అదృష్టవశాత్తూ అది కాగితం దాటలేదు. మామూలు పద్ధతిలోనే కొండ కోసి 1973లో ఐ-40 తెరిచారు. అంబాయ్‌లో రాయ్స్ మోటెల్, కెఫే, పెట్రోల్ బంకు ఉన్నపళంగా గిరాకీ కోల్పోయాయి. 2005లో ఆ ఊరు ఊరంతా 4,25,000 డాలర్లకు అమ్ముడుపోయింది.

అరిజోనాలో సెలిగ్‌మన్‌కు 1978లో ఇదే గతి పట్టింది. 1984 అక్టోబర్‌లో విలియమ్స్ అనే ఊరిని ఐ-40 తప్పించేయడంతో పాత రోడ్డు మీద ఆఖరి ముక్క పోయింది. 1985 జూన్‌లో రూట్ 66 నంబరునే జాబితా నుంచి కొట్టేశారు. సెలిగ్‌మన్‌లో ఏంజెల్ డెల్గాడియో అనే మంగలి 1987లో ఊళ్లవాళ్లను పోగుచేసి సంఘం పెట్టి, సెలిగ్‌మన్ నుంచి కింగ్‌మన్ దాకా ‘చారిత్రక’ బోర్డులు పెట్టించేవరకు రాష్ట్రాన్ని వదల్లేదు. నా లెక్కలో ఏవరీ రోడ్డు ఏవరీది, ఇప్పుడు ప్రపంచం చూడ్డానికొస్తున్నది డెల్గాడియో రోడ్డు.

మనవాళ్లు వేగాస్ నుంచి గ్రాండ్ కెన్యన్‌కు పోతూ కింగ్‌మన్‌లో ఐ-40 ఎక్కేస్తారు. పీచ్ స్ప్రింగ్స్ మీదుగా పాత దారి పట్టినా సెలిగ్‌మన్‌కు పాతిక ముప్పై కిలోమీటర్లే ఎక్కువ. కింగ్‌మన్ నుంచి పడమటికి, ఓట్‌మన్ కనుమ వైపు పోయేది మాత్రం గట్టి డ్రైవర్‌కే. ఇంజన్‌కు పెట్రోల్ ఎక్కించే పంపు లేని పాత కార్లు ఆ ఎక్కుడు వెనక్కి తిరిగి రివర్స్ గేరులో ఎక్కేవి. గనులు మూతపడ్డాక వదిలేసిన గాడిదల సంతతి ఓట్‌మన్ వీధిలో కార్లకు అడ్డం నిలబడి తిండి అడుగుతుంది. దారిలోని పాత మోటెళ్లను నిలబెట్టిన వాళ్లలో గుజరాతీ పటేళ్లు చాలామంది. ‘అమెరికన్ యాజమాన్యం’ అని పక్క మోటెల్‌వాళ్లు బోర్డులు పెట్టి వాళ్ల గిరాకీని లాక్కోవాలని చూసిన రోజులూ ఉన్నాయి.

ఈ వారసత్వానికి డబ్బెవరు పెడతారన్నదే ఇప్పటి తగువు. 2016లో ఒబామా ఈ ఎడారిలో 16 లక్షల ఎకరాలను మోహావీ ట్రెయిల్స్ జాతీయ స్మారకంగా ప్రకటించాడు, కానీ రోడ్డు శాన్ బెర్నార్డినో కౌంటీదే. పాత కట్టడాలకు చిన్న చిన్న గ్రాంట్లిచ్చిన జాతీయ పార్కుల శాఖ పథకం గడువు 2019తో తీరింది. దానికి బదులుగా జాతీయ చారిత్రక మార్గంగా గుర్తించాలన్న బిల్లును 2018లో ప్రతినిధుల సభ ఆమోదించింది, సెనెట్‌లో అది ఆగిపోయింది. కౌంటీ ఒక్కో వంతెన చొప్పున మార్చుకుంటూ వస్తోంది. ఒక వంతెన తెరిచేలోగా ఇంకోచోట కట్ట తెగొచ్చు. అటు వెళ్లేవాళ్లు బయల్దేరే ముందురోజు కౌంటీ రోడ్ల మూసివేత జాబితా చూసుకోవాలి. బార్‌స్టోలోనో నీడిల్స్‌లోనో ట్యాంకు నింపుకోవాలి, నీళ్లు కూడా.