క్రిస్టీన్ ద పిజాన్ ఆడవాళ్ళని ఓర్చుకోమని ఎందుకు రాసింది?

మధ్యయుగపు ఫ్రెంచ్ రచయిత్రి క్రిస్టీన్ ద పిజాన్ 1405లో పారిస్‌లో రాసిన "ఆడవాళ్ళ నగరం" చదువుకుంటూ పోతే చివరి పేజీల్లో ఒకచోట ఎవరైనా ఆగిపోతారు. ఆడవాళ్ళ తెలివి దేనికీ తక్కువ కాదు, కూతుళ్ళని కూడా కొడుకుల్లా బడికి పంపి శాస్త్రాలు నేర్పిస్తే అంతే బాగా నేర్చుకుంటారు అని అప్పటిదాకా వాదించిన మనిషి ఒక్కసారిగా పెళ్ళైన ఆడవాళ్ళ వైపు తిరిగి, మొగుడికి లోబడి ఉండాల్సి వచ్చిందని బాధపడొద్దు, మంచోడైతే దేవుడికి దండం పెట్టుకోండి, చెడ్డోడైతే ఓర్చుకుని దారిలోకి తెచ్చుకోండి అంటుంది. మన పతివ్రతల కథలు విని పెరిగినవాళ్ళకి ఇది కొత్త మాటేం కాదు, కానీ ఈవిడ నోట వినడమే ఇబ్బంది.

ఈమె మీద గొడవ ఇక్కడే మొదలవుతుంది. 1949లో ఫ్రెంచ్ ఫెమినిస్టు రచయిత్రి సిమోన్ ద బోవా, ఆడవాళ్ళ తరఫున కలం పట్టిన మొదటి ఆడమనిషి ఈమే అని రాసింది. 1980లకి వచ్చేసరికి అదే ఫెమినిస్టుల్లో కొందరు, కాదు కాదు, ఈమె రాజుల పక్షం, పాతకాలపు ఆలోచనలే అని గట్టిగా విమర్శించారు. నా వరకు, ఇరుపక్షాలూ ఆమె జీవితంలో భర్త పోయాక గడిచిన ఒక పదేళ్ళని పెద్దగా పట్టించుకోలేదనిపిస్తుంది, ఆ పదేళ్ళు తెలిస్తే శీలం, ఓర్పు అనే మాటల్ని ఆమె ఏ అర్థంలో వాడిందో తెలుస్తుంది.

క్రిస్టీన్ పుట్టింది 1364లో, వెనిస్‌లో. తండ్రి తొమాజో వైద్యుడు, జ్యోతిష్కుడు, ఫ్రాన్స్ రాజు ఐదో చార్లెస్ పిలిస్తే ఆ కొలువుకి వెళ్ళాడు, 1368లో కుటుంబం కూడా పారిస్ చేరింది. తండ్రికి కూతుర్ని చదివించడం ఇష్టం, తల్లికేమో ఆడపిల్ల దారం వడకడం నేర్చుకుంటే చాలు, ఈ సంగతి క్రిస్టీనే తన పుస్తకంలో పెట్టింది. 15 ఏళ్ళకి రాజుగారి కార్యదర్శుల్లో ఒకడైన ఎత్యేన్ దు కాస్తెల్‌తో పెళ్ళి, ఇద్దరూ అన్యోన్యంగా ఉన్నారు. 1380లో రాజు పోయాడు, తండ్రి పలుకుబడి పోయింది, కొన్నేళ్ళకి తండ్రీ పోయాడు, తర్వాత కొత్త రాజుతో పాటు బోవే ఊరికి వెళ్ళిన భర్త అక్కడ జబ్బు చేసి చనిపోయాడు. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు. ముగ్గురు పిల్లలు, తల్లి, ఒక మేనకోడలు, ఇంటి బరువంతా ఆమె మీదే.

భర్త ఆస్తి ఎంత, రావాల్సింది ఎంత, ఇవ్వాల్సింది ఎంత, ఏదీ ఆమెకి తెలియదు. మొగుళ్ళు డబ్బు లెక్కలు పెళ్ళాలకి చెప్పరు, దానివల్ల ఎంత నష్టమో నేను అనుభవించాను అని తర్వాత రాసుకుంది. ఒకేసారి పారిస్‌లో నాలుగు కోర్టుల్లో ఆమె మీద దావాలు నడిచాయి, భర్తకి రావాల్సిన బకాయిల కోసం ఆమే ఏళ్ళ తరబడి తిరిగింది, చలికాలంలో కోర్టు హాల్లో గడ్డకట్టుకుపోతూ నిలబడటం, అధికారుల వెకిలి మాటలు, అప్పు అడగాల్సొచ్చినప్పుడు సిగ్గుతో మొహం ఎర్రబడటం, లేమి బయటపడకుండా పాత బట్టలే శుభ్రంగా కట్టుకుని తిరగడం, ఇవన్నీ ఆమె స్వయంగా రాసినవే. ఇంతా చేస్తే ఊళ్ళో ఆమెకి ఎవరితోనో సంబంధం ఉందని పుకారు. వితంతువు బయట తిరిగితే ఏమంటారో మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కదా.

ఆ రోజుల్లోనే కవితలు రాయడం మొదలుపెట్టింది, ఒంటరితనం మీద రాసినవి పేరు తెచ్చాయి, రాజవంశీకులు ప్రతులు రాయించుకున్నారు, అలా రాతతోనే ఇల్లు నడిచింది. 1403లో రాసిన ఒక కావ్యంలో, భర్త పోయాక విధి తనని మగవాడిగా మార్చేసింది, ఓడ నడపాలంటే తప్పలేదు అని చెప్పుకుంది.

అసలు పోట్లాట 1401లో వచ్చింది. అప్పట్లో చదువుకున్నవాళ్ళందరూ నెత్తిన పెట్టుకున్న ఫ్రెంచ్ ప్రేమకావ్యం "రోమాన్ ద లా రోజ్". గియోమ్ ద లోరిస్ 13వ శతాబ్దంలో మొదలుపెట్టి నాలుగు వేల పాదాలు రాసి ఆపేస్తే, దాదాపు నలభై ఏళ్ళ తర్వాత జాన్ ద మ్యూన్ దానికి 17 వేలకి పైగా పాదాలు కలిపాడు, ఆ కలిపిన భాగంలో ఆడవాళ్ళని తిట్టని చోటు తక్కువ. జాన్ ద మోంట్రోయి అనే రాజోద్యోగి దాన్ని పొగుడుతూ రాసింది ఆమె చేతికొచ్చింది, ఆమె ఊరుకోలేదు, ఉత్తరం రాసింది. గోంటియే కోల్ అనే ఇంకో రాజకార్యదర్శి ఆమెని తప్పు ఒప్పుకోమన్నాడు, ఆడదానివి ఆవేశంలో రాశావు అన్నాడు. అతని సోదరుడు పియేర్ కోల్ ఇంకో అడుగు ముందుకేసి, పొగిడితే ఇంకా గట్టిగా పాడబోయి నోట్లో ముక్క జారవిడుచుకున్న కాకిలా అవుతావు జాగ్రత్త అన్నాడు.

వీళ్ళకి ఆమె ఇచ్చిన జవాబుల్లో నాకు బాగా గుర్తుండిపోయేది ఒకటుంది. ఒక మొగుడు, అనుమానపు మనిషి, ఆ కావ్యాన్ని బైబిల్ అంత నమ్ముతాడు. అనుమానం పుట్టినప్పుడల్లా ఆ పుస్తకం తీసి పెళ్ళాం ముందు చదువుతాడు, చదువుతూ చదువుతూ కోపం పెంచుకుని, ఇదిగో నువ్వూ నాతో ఇలాంటి వేషాలే వేస్తున్నావు, ఈ మహానుభావుడికి ఆడవాళ్ళ సంగతి బాగా తెలుసు అంటూ ఆమెని కొడతాడు. రాత గొప్పదా కాదా అని మగ పండితులు వాదించుకుంటుంటే, ఆ రాత ఏ ఇంట్లో ఎవరి వీపు మీద పడుతోందో ఆమె చూపించింది. అంతకుముందు 1399లో ఇంకో ప్రశ్న కూడా వేసింది, ఆడవాళ్ళు అంత తేలిగ్గా లొంగేవాళ్ళే అయితే వాళ్ళని లొంగదీయడానికి ఇన్ని ఎత్తులు, ఇన్ని మోసాలు నేర్పే పుస్తకాలెందుకు, బలహీనమైన కోటకి పెద్ద ముట్టడి అవసరమా అని.

1402 మొదట్లో, అప్పటిదాకా నడిచిన ఉత్తరాల్ని ఒకచోట చేర్చి ఫ్రాన్స్ రాణి ఇసబోకి పంపింది, దాంతో నలుగురు మగవాళ్ళ మధ్య ఉత్తరాల్లో నడిచే గొడవ బజార్న పడింది. పారిస్ విశ్వవిద్యాలయం ఛాన్సలర్ జాన్ జెర్సన్ కూడా ఆ కావ్యాన్ని ఖండించాడు.

ఆడవాళ్ళ నగరం దీని కొనసాగింపే. మథియోలస్ అనే ఆయన ఆడవాళ్ళ మీద రాసిన తిట్ల పుస్తకం చదివి క్రిస్టీన్ దిగాలుగా కూర్చుని ఉంటే బుద్ధి, ఋజువర్తన, న్యాయం అనే ముగ్గురు దేవతల్లాంటి స్త్రీలు వస్తారు, వాళ్ళ సాయంతో ఆమె ఒక నగరం కడుతుంది, ఒక్కో రాయీ ఒక్కో స్త్రీ కథ. మొదటి రాయి పురాతన కథల్లోని సెమిరామిస్ రాణి. పుస్తకం నడిమధ్య తన కాలం మనుషుల్ని కూడా తెస్తుంది, ఇటలీలోని బొలోన్యాలో లా ప్రొఫెసర్ అయిన తండ్రికి తీరిక లేనప్పుడు తెర చాటున కూర్చుని పాఠం చెప్పిన నొవెల్లా, పారిస్‌లో పుస్తకాల అంచులకి బొమ్మలు వేసే అనస్తాసియా. ఎవరిలో గుణం ఎక్కువుంటే వాళ్ళే గొప్ప, ఆడా మగా అన్న శరీరంలో గొప్పా తక్కువా లేదు అని బుద్ధిదేవతతో అనిపిస్తుంది. బలాత్కారం ఆడవాళ్ళకి ఇష్టమే అనే మాటని బలాత్కారం తర్వాత ప్రాణం తీసుకున్న రోమన్ స్త్రీ లుక్రీషియా కథ చెప్పి మొహం మీదే కొట్టిపారేస్తుంది.

ఇక అదే 1405లో రాసిన రెండో పుస్తకం "మూడు గుణాల పుస్తకం", యువరాజు పెళ్ళాం మార్గరీత్‌కి అంకితం. రాణుల దగ్గర మొదలుపెట్టి వ్యాపారుల భార్యలు, చేతిపనివాళ్ళ భార్యలు, పల్లెటూరి ఆడవాళ్ళు, వేశ్యల దాకా ఎవరెలా ఉండాలో చెప్తుంది. పైపైన చూస్తే అణకువ, మితభాషణ, ఓర్పు, హద్దు దాటని బట్టలు, ఇవే కనిపిస్తాయి, ఎవరి అంతస్తులో వాళ్ళుండాలనే పట్టుదల నాకూ నచ్చదు. కానీ ఆగి చదివితే జాగీరు ఉన్న ఇంటి ఇల్లాలికి రాబడి, ఖర్చు, భూముల లెక్కలు తెలియాలి, భర్త ఊళ్ళో లేనప్పుడు కోట కాపాడటం కూడా తెలియాలి అంటుంది, చేతిపనివాడి భార్య ఆ పని తనూ నేర్చుకోవాలి అంటుంది. వితంతువుకి కోర్టుకెళ్ళకుండా ఉండగలిగితే మంచిది, తప్పకపోతే మంచి లాయరు సలహా, వదలకుండా తిరిగే ఓపిక, చేతిలో డబ్బు ఈ మూడూ ఉండాలి అంటుంది. ఇది చలిలో నిలబడ్డ మనిషి మాట. వేశ్యకి కూడా ఊరికే పశ్చాత్తాపపడు అని వదిలెయ్యలేదు, బట్టలుతకొచ్చు, దారం వడకొచ్చు, బాలింతలకి రోగులకి సేవ చెయ్యొచ్చు, మంచి వీధిలో చిన్న గది తీసుకో అని దారి చూపించింది.

అందుకే ఆమె చెప్పిన శీలం నాకు కవచంలా కనిపిస్తుంది. పుకారు పుడితే దావా పోతుంది, దావా పోతే పిల్లలకి తిండి పోతుంది. విడాకులు లేని రోజుల్లో, పుట్టింటి అండ లేని ఆడమనిషికి ఓర్చుకో అని చెప్పడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు, కానీ ఆ మాట వెనక ఉన్న లెక్క మాత్రం అర్థమవుతుంది.

ఆ తర్వాత యుద్ధవిద్య మీద కూడా రాసింది 1410లో, దాన్ని 1489లో ఇంగ్లండ్ ముద్రాపకుడు కాక్స్‌టన్ ఇంగ్లీషులో అచ్చేశాడు, కానీ కొన్ని ఫ్రెంచ్ ప్రతుల్లో ఆడమనిషి పేరు ఉండకూడదని కాబోలు ఆమె పేరే తీసేశారు. నగరం పుస్తకం 1521లో ఇంగ్లీషులోకి వచ్చింది, తర్వాత మళ్ళీ ఇంగ్లీషులోకి రావడానికి 1982 దాకా పట్టింది.

1418లో ఫ్రాన్స్ అంతర్యుద్ధంలో బర్గండీ ప్రభువు సేనలు పారిస్‌ని పట్టుకున్నప్పుడు క్రిస్టీన్ ఒక మఠంలో తలదాచుకుంది, 11 ఏళ్ళు అక్కడే ఏడుస్తూ ఉన్నానని రాసుకుంది. 1429 జులై 31 తేదీతో ఉన్నది ఆమె చివరి కవిత, జోన్ ఆఫ్ ఆర్క్ మీద. ఎవరి అంతస్తులో వాళ్ళుండాలని చెప్పిన మనిషి, ఒక పల్లెటూరి పిల్ల రాజుని పట్టాభిషేకానికి నడిపించుకెళ్ళిందని తెలిసి మళ్ళీ కలం తీసింది, పదహారేళ్ళ పిల్ల, కత్తీ కవచం ఆమెకి బరువే కావట అని రాసింది.