విశాఖ ఉక్కు: కొలిమి ఇక్కడ, బొగ్గు ఆస్ట్రేలియాలో

1933లో విశాఖ రేవు తెరిచింది ఈ ఊరి సరుకు కోసం కాదు, మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడానికి. 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గమూ అలాంటిదే: ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం జపాన్ మిల్లులకు పోవాలి. ఆ పని నడుస్తున్న రోజుల్లోనే, 1966లో, ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 32 మంది ప్రాణాలిచ్చారు.

ప్లాంటు జాతికి అంకితమైంది 1992 ఆగస్టులో. అదే ఏడాది జనవరిలో ఉక్కు ధరల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. అప్పులతో కట్టిన ప్లాంటు నేరుగా బహిరంగ మార్కెట్లో పడింది. సొంత ఇనుప గని లేదు. బైలడిల్లా ఖనిజం కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దగ్గర కొనుక్కోవాలి. జగ్గయ్యపేట సున్నపురాయి, మాదారం డోలమైటు ఉన్నాయి గానీ ఖర్చులో అవి చిల్లర పద్దులు.

అసలు కష్టం బొగ్గుతో. టన్ను హాట్‌మెటల్‌కు, అంటే కరిగిన ఇనుముకు, ఖనిజం సుమారు 1.6 టన్నులు, కోక్ అనే గట్టి ఇంధనంగా మార్చే కోకింగ్ బొగ్గు ముప్పావు టన్నుకు అటూ ఇటూ పడుతుంది. మన బొగ్గులో బూడిద 20 శాతం పైమాటే, ఆస్ట్రేలియా బొగ్గులో 10 శాతం లోపు. బూడిద ఎక్కువైతే స్లాగ్ అనే కరిగిన మడ్డి పెరుగుతుంది, దాన్ని కరిగించడానికి మళ్లీ కోకే తగలేయాలి. అందుకే దిగుమతి. 2022 మార్చిలో దాని ధర టన్ను 600 డాలర్లు దాటింది. కడ్డీల ధర ఆ లెక్కన పెంచితే కొనేవాడెవడు?

ఓడ రాలేదని బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్లు ఆర్పేయడానికి లేదు. చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగిలిపోతాయి. అందుకని వేడి నిలుపుతూనే, మామూలుగా 16–18 గంటల్లో దింపే కోక్‌ను ఇంకా ఎక్కువసేపు ఉంచుతారు. కోక్ తగ్గితే ఖనిజం కరిగించే కొలిమికి, అంటే బ్లాస్ట్ ఫర్నేస్‌కు, గాలీ తగ్గించాలి. ఉత్పత్తి పడిపోతుంది, జీతాలు, వడ్డీలు మాత్రం తగ్గవు. 2024 ఏప్రిల్‌లో గంగవరం రేవు కార్మికుల ఆందోళనప్పుడు బొగ్గు పక్కనే ఉన్నా ప్లాంటుకు అందలేదు.

నిర్వహణ లోపాలు లేవని కాదు. కానీ 2021 జనవరిలో నూరు శాతం వాటా అమ్మాలని కేంద్రం నిర్ణయించినప్పుడు, నష్టాల గురించి జరిగినంత చర్చ గనుల గురించి జరగలేదు. 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీలో 10,300 కోట్లు మూలధనం, మిగతాది పాత రుణాన్ని వాటాలుగా మార్చడం. గని ఊసు అందులోనూ లేదు.