తయారీ ఆగిపోయిన చిప్‌ని మళ్లీ పుట్టించడం

ముప్పై నలభై ఏళ్లుగా మూలన పడి ఉన్న కంప్యూటర్ చేతికొస్తే ఎవరికైనా ముందు ప్లగ్ పెట్టి స్విచ్ వేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఇన్నేళ్లూ పదిలంగా ఉన్న చిప్‌లు ఆ మొదటి నిమిషంలోనే కాలిపోవచ్చు.

1982లో వచ్చిన కమడోర్ 64నే తీసుకోండి. దాని పవర్ సప్లై బయట ఉండే ఒక బరువైన పెట్టె. చాలా మోడళ్లలో లోపలంతా రెసిన్ పోసి బిగించేశారు, వేడి బయటికి పోయే దారి ఉండదు. 5 వోల్టులు ఇవ్వాల్సిన రెగ్యులేటర్ దెబ్బతిన్నప్పుడు వోల్టేజీ ఒక్కోసారి తగ్గడానికి బదులు పెరుగుతుంది, అది నేరుగా మెమరీ చిప్‌ల మీద పడుతుంది. అందుకే పవర్ సప్లైని బోర్డుకి తగిలించకుండా, విడిగా లోడ్ (కరెంటు వాడుకునే ఏదైనా భాగం) ఇచ్చి, కాసేపు వేడెక్కనిచ్చి మల్టీమీటర్‌తో చూడాలి. ఆ కాలపు లాజిక్ చిప్‌లకు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉంటేనే క్షేమం.

సిలికాన్ అంత తేలిగ్గా ముసలిదవదు. ముందు పాడయ్యేవి లోపల తడి ఉన్న భాగాలు, అంటే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, బ్యాటరీలు. కెపాసిటర్లు ఎండిపోతాయి, లేదా కారతాయి. బ్యాటరీ చేసే నష్టం ఇంకా ఘోరం. అమిగా 2000 లాంటి కంప్యూటర్ల బోర్డుల మీద గడియారం నడవడానికి చిన్న నికెల్-కాడ్మియం బ్యాటరీని నేరుగా సోల్డర్ చేశారు. అందులోంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షారం. ఆ మూలకి భూతద్దం పెట్టి చూస్తే, ముందు సోల్డర్ మెరుపు పోయి బూడిదరంగుకి తిరిగి ఉంటుంది. ఇంకాస్త పక్కకి వెళ్తే బోర్డు పైపూత పొక్కులు లేచి, దాని కింద రాగి గీతలకు చిలుము పట్టి కనిపిస్తుంది. కొన్ని గీతలు పూర్తిగా తెగిపోయి ఉంటాయి. బ్యాటరీ పీకేశాక వెనిగర్ లాంటి తేలికపాటి ఆమ్లంతో ఆ క్షారాన్ని విరిచి, నీళ్లతో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, తెగిన చోట సన్నని తీగ వేసి కలపాలి. ఓపికగా చేస్తే చచ్చిపోయిందనుకున్న బోర్డు కూడా చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

ఇక చిప్ పోతే సంగతేంటి? అది ఏ చిప్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1960ల్లో మొదలైన 7400 వరుస లాజిక్ చిప్‌లు ఇప్పటికీ తయారవుతున్నాయి. 1975 నాటి 6502 ప్రాసెసర్‌కి తర్వాతి తరం రూపాన్ని వెస్టర్న్ డిజైన్ సెంటర్ అనే కంపెనీ ఇంకా అమ్ముతోంది. 1976లో వచ్చిన జెడ్80 ప్రాసెసర్‌కి మాత్రం 2024లో ఆర్డర్లు తీసుకోవడం ఆపేశారు. పాత సరుకు కొనేటప్పుడు చిప్ మీది అంకెలు చదవడం నేర్చుకోవాలి. 8342 అని ఉంటే అది చాలావరకు 1983వ సంవత్సరం 42వ వారంలో తయారైందని. పైభాగం గీకేసి, నల్లరంగు పూసి, కొత్త పేరు అచ్చేసిన నకిలీలు చాలానే తిరుగుతున్నాయి. అసిటోన్‌లో ముంచిన దూదితో తుడిస్తే కొన్నిటికి ఆ పూత ఊడి వచ్చేస్తుంది.

అసలు టెన్షన్ కస్టమ్ చిప్‌లతోనే. ఒక్క కంపెనీ, ఒక్క మెషీన్ కోసం చేయించుకున్నవి అవి. ఆ కంపెనీ పోయాక వాటికి మిగిలిన ఒకే ఒక్క గని, అలాంటిదే మరో పాడైన మెషీన్. బాగుచేయదగ్గ మెషీన్‌ని చిప్‌ల కోసం విప్పేయడం నాకు మనసొప్పదు. దానికంటే మంచి దారి ఉంది.

కమడోర్ 64లోని పీఎల్ఏ చిప్‌నే చూడండి. ఏ క్షణంలో మెమరీ మాట్లాడాలి, ఏ క్షణంలో రామ్ బదులు రోమ్ కనిపించాలి అన్నది తేల్చేది ఇదే. వేడెక్కి తరచూ పోయేదీ ఇదే. దీనికి 16 ఇన్‌పుట్లు, 8 అవుట్‌పుట్లు. లోపల జ్ఞాపకం ఏమీ లేదు. ఇన్‌పుట్ ఏమిటో తెలిస్తే అవుట్‌పుట్ ఏమిటో తేలిపోతుంది. 16 ఇన్‌పుట్లకు సాధ్యమయ్యే కలయికలు మొత్తం 65,536. బాగున్న చిప్ ఒకటి దొరికితే ఆ కలయికలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి, జవాబులు రాసుకుంటే చాలు, చిప్ స్వభావమంతా పట్టికలోకి వచ్చేస్తుంది. ఒక్కో జవాబు ఎనిమిది బిట్లు, అంటే ఒక బైట్, కాబట్టి ఆ పట్టిక సరిగ్గా 64 కిలోబైట్లు. 27సీ512 అనే మామూలు ఈప్రామ్‌లో (కరెంటు పోయినా రాసింది నిలిచి ఉండే మెమరీ చిప్) ఒక్క బైట్ కూడా మిగలకుండా పడుతుంది! ఆ ఈప్రామ్‌ని చిన్న అడాప్టర్ మీద పెట్టి పీఎల్ఏ సాకెట్‌లో గుచ్చితే చాలా మెషీన్లు బూట్ అవుతాయి. స్పందించే వేగంలో తేడాల వల్ల కొన్ని మొరాయిస్తాయి కాబట్టి, ఇప్పుడు ఎక్కువమంది వాడేది అదే పట్టికను వేగంగా పలికే కొత్త లాజిక్ చిప్‌లను. లాజిక్ చేతికొచ్చాక ఏ సిలికాన్ మీద రాశామన్నది ఇంజనీరింగ్ సమస్యే తప్ప, ఇక వెతుకులాట కాదు.

అదే మెషీన్‌లో శబ్దం పుట్టించే సిడ్ చిప్ ఇంత తేలిగ్గా లొంగదు. అందులో అనలాగ్ ఫిల్టర్ ఉంది, దాని ప్రవర్తన ఒక్కో చిప్‌కి ఒక్కోలా ఉంటుంది. పట్టికగా రాసుకోవడానికి అంకెలు లేవు. కొత్త ప్రత్యామ్నాయాలు బాగానే దగ్గరికొచ్చాయి గానీ, చెవి తెలిసినవాళ్లు ఇప్పటికీ అసలు చిప్ కోసమే వెతుకుతారు. వాళ్ల పట్టుదలను నేను తప్పుపట్టను.

లాజిక్ దక్కితే యంత్రం దక్కినట్టే అన్నదానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ కొలోసస్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సంకేతాలు ఛేదించడానికి బ్రిటన్‌లో కట్టిన యంత్రం అది. యుద్ధం తర్వాత అలాంటి యంత్రాల్లో చాలావాటిని విప్పేశారు, రహస్యం బయటపడకూడదని డ్రాయింగులు కాల్చేశారు. 1993లో బ్రిటిష్ ఇంజనీర్ టోనీ సేల్ దాన్ని తిరిగి కట్టడానికి పూనుకున్నప్పుడు చేతిలో ఉన్నవి కొన్ని ఫోటోలు, ఇంజనీర్లు తమ దగ్గర ఉంచుకున్న కొన్ని సర్క్యూట్ ముక్కలు, బతికున్నవాళ్ల జ్ఞాపకాలు. వాటితోనే, యుద్ధకాలంలో సంకేతాలు ఛేదించిన బ్లెచ్లీ పార్క్‌లో యంత్రం మళ్లీ లేచింది, 2007లో సంకేతాలు విప్పే పోటీలో కూడా పాల్గొంది. వాల్వులు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలు), రిలేలు ఎలాగోలా సంపాదించవచ్చు. ఆ సర్క్యూట్ ముక్కలు కూడా కాలిపోయి ఉంటే మాత్రం ఎన్ని వాల్వులున్నా ఏం చేయాలో తెలిసేది కాదు.

అందుకే పాత బోర్డు మీద ఈప్రామ్‌లు కనిపిస్తే, ప్లాస్టిక్ తెలుపు చేయడం, కీబోర్డు కడగడం అన్నీ తర్వాత. ముందు వాటిలో రాసి ఉన్నదాన్ని కాపీ చేసుకోవాలి. ఈప్రామ్‌లో ప్రతి బిట్ చుట్టూ ఇన్సులేషన్ ఉన్న అతిచిన్న గేట్ మీద నిలిచిన విద్యుదావేశం. ఏళ్ల తరబడి అది నెమ్మదిగా జారిపోతూ ఉంటుంది. పైనున్న గాజు కిటికీ మీది స్టిక్కర్ ఊడి ఎండలో పడితే ఇంకా త్వరగా పోతుంది. ముందు కొత్త స్టిక్కర్ అతికించండి. తర్వాత చిప్‌ని జాగ్రత్తగా, కాళ్లు వంగకుండా సాకెట్ నుంచి తీసి, రీడర్‌లో పెట్టి కనీసం రెండుసార్లు చదవండి. రెండు ఫైళ్లూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయితే, చిప్ మీది పేరు, బోర్డు నంబరు, సాకెట్ నంబరు ఫైల్ పేరులోనే రాసి, ఒక కాపీ ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి. రెండు ఫైళ్లూ కలవకపోతే కాళ్లు శుభ్రం చేసి మళ్లీ చదవండి. బలహీనపడిన బిట్ ఒకసారి సున్నాగా, ఒకసారి ఒకటిగా కనిపిస్తుంది. ఆ దశలో చిప్ ఇంకా చెప్పగలిగే స్థితిలోనే ఉంది.