యానిమేషన్‌లో రంగులు: మగ్గం దగ్గర దిద్దుకున్న అపోహలు

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. తాతది పట్టుచీరల మగ్గం, నాది యానిమేషన్ సినిమాలకు రంగులు వేసే పని. "ఏ రంగు వేస్తే చూసేవాళ్లకి ఏడుపొస్తుంది అక్కా?" అని ఈ పని నేర్చుకుంటున్న మా వీధి పిల్లలు అడుగుతుంటారు. ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

అపోహ: ప్రతి రంగుకీ ఒక భావం ఉంటుంది. ఎరుపంటే కోపం, నీలమంటే దుఃఖం.

వాస్తవం: ఒంటరి రంగు ఏమీ చెప్పదు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పసుపు, పూల మధ్య ఎరుపు పండగలా ఉంటుంది. అదే ఎరుపు చీకటి గదిలో ఒక్క చుక్కగా పడితే గుండె ఝల్లుమంటుంది.

పని కొత్తలో ఒక స్టూడియోకి రాత్రి సీను చేశాను. గదిలో ఒంటరిగా కూర్చున్న ముసలమ్మ. ఆమె చీరకి బూడిద రంగు వేసి, దిగులు కోసం గోడకి ముదురాకుపచ్చ వేశాను. తెర మీద చీర గులాబీ ఛాయ కొట్టింది. ఫైల్లో నంబర్లు చూస్తే అచ్చమైన బూడిదే. రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఇంటికొచ్చి తాతకి చూపిస్తే, "దారం మారలేదమ్మా, పక్కది మారింది" అన్నాడు. పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఒక రంగు పెట్టి నేసేవాళ్లకి ఇది రోజూ కళ్లముందు జరిగేదే. గోడలో పచ్చదనం తగ్గించాను, చీరని ముట్టుకోలేదు. దిగులు తిరిగొచ్చింది.

ఫ్రాన్సులోనూ ఈ సంగతి నేతవాళ్ల దగ్గరే తేలింది. పారిస్‌లోని గోబెలాన్ నేత కార్ఖానాలో నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదులొస్తే, అద్దకాలు చూసే రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ పరీక్షించాడు. అద్దకంలో లోపం లేదు. పక్కనున్న నీలం, ఊదా దారాల వల్లే నలుపు పేలవంగా కనిపిస్తోంది. 1839లో దీని మీద ఆయన పుస్తకమే వేశాడు.

అపోహ: రెండు లోకాలు చూపాలంటే మంచిదానికి వెలుగు రంగులు, చెడ్డదానికి మసక రంగులు వేయాలి.

వాస్తవం: సందడి, హుషారు ఎటుంటే రంగు అటుండాలి. 2005లో వచ్చిన 'కార్ప్స్ బ్రైడ్' యానిమేషన్ సినిమాలో బతికున్నవాళ్ల ఊరు బూడిద రంగులో, పాలిపోయిన నీలాల్లో ఉంటుంది. చచ్చిపోయినవాళ్ల లోకమే కళకళలాడుతుంది. నేనైతే రెండు లోకాలకీ ఒక్క రంగైనా ఉమ్మడిగా ఉంచుతాను. పాత్ర అటు దాటినప్పుడు ఆ ఒక్కటీ వెంట వెళ్లాలి. లేకపోతే రెండు సినిమాలు అతికించినట్టుంటుంది.

అపోహ: పిల్లల సినిమా అంటే మొదటి నుంచి చివరిదాకా రంగులు నింపేయాలి.

వాస్తవం: అలా నింపితే కంటికి ఏదీ ఆనదు. 'అప్' (2009) సినిమా చూడండి. భార్య ఎల్లీ పోయాక ముసలాయన కార్ల్ చుట్టూ రంగులు ఇంకిపోతాయి. ఆ మసకలో అతనితోపాటు మనమూ కాసేపు ఉన్నాం కాబట్టే, బెలూన్లు ఇంటిని పైకి లేపినప్పుడు, వాటి రంగుల వెలుగు ఒక చిన్నపాప గదిలోంచి సాగిపోయినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. ఆ క్షణం కోసం రంగుల్ని దాచి ఉంచారు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ దాచుకోవడమే.

అపోహ: రంగులు చివర్లో కంప్యూటర్‌లో సర్దుకోవచ్చు.

కుదరదు. కథ బొమ్మల్లోకి మారుతున్నప్పుడే కలర్ స్క్రిప్ట్ వేస్తాం. సీనుకి అగ్గిపెట్టెంత బొమ్మ చొప్పున సినిమా మొత్తం వరసగా వస్తుంది. మొహాలుండవు, రంగు మచ్చలే ఉంటాయి. దాన్ని గోడకంటించి దూరం నుంచి చూస్తాను. తర్వాత నలుపు తెలుపులోకి మార్చి మళ్లీ చూస్తాను. పాత్ర వెనకున్న గోడలో కలిసిపోయిందంటే, వేసింది ఎంత ముచ్చటైన రంగైనా తీసేస్తాను.