పొట్ట మీద సూది, తెర మీద బొమ్మ

ఇన్సులిన్ సీసా మీద 40 అని ఉంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్ల మందు ఉందని అర్థం. 100 అని ఉంటే 100 యూనిట్లు. మన దగ్గర సీసాలు ఎక్కువగా 40వి, ఇన్సులిన్ పెన్నులో (పెన్నులా ఉండే సూదిమందు సాధనం) వేసే కార్ట్రిడ్జ్‌లు, అంటే మందు గొట్టాలు, 100వి. సిరంజిలూ రెండు రకాలే: 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకోండి. 40 సీసాలోంచి 100 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 సీసాకు 40 సిరంజి వాడితే 20కి బదులు 50 యూనిట్లు పడతాయి. షుగరు ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికే రావచ్చు.

కిటకిటలాడే ఓపీలో ఈ లెక్క నోటితో చెబితే ఎవరికి గుర్తుంటుంది? అదే రోగులకు చేసే వీడియోలో బొమ్మగా చూపిస్తే ఎనిమిది సెకన్లు చాలు. ఒక మిల్లీలీటరు సిరంజిలు రెండు పక్కపక్కన నిలబెట్టాలి. రెండిట్లోనూ మందు 20 గీత దాకా పైకి రావాలి. 40 సిరంజిలో ఆ గీత సగం దగ్గర ఆగుతుంది, 100 సిరంజిలో అయిదో వంతు దగ్గరే ఆగిపోతుంది. అంకె ఒకటే అయినా మందు ఒకటి కాదని కన్నే చెబుతుంది. మూత రంగును మాత్రం నమ్ముకోకూడదు. ఎరుపుకీ నారింజకీ తేడా తెలియని కళ్లు ఉంటాయి, మూత ఊడి ఎక్కడో పడిపోతుంది కూడా. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకదాని పక్కన ఒకటి తెర నిండా కనిపించాలి.

రోగులకు వీడియో చేయబోయే ఆసుపత్రులు ముందుగా అడిగే ప్రశ్న: యానిమేషనా, కెమెరాతో తీసిందా? ఇన్సులిన్ విషయంలో జవాబు తేలికే. కంటికి కనిపించని దానికి బొమ్మ, చేత్తో చేసేదానికి కెమెరా. చర్మం కింద కొవ్వు పొర, దాని కింద కండ, మందు కొవ్వులో పడి నెమ్మదిగా రక్తంలో కలవడం, ఇవన్నీ గీసి చూపవలసినవి. సీసా రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడవడం, ఎన్ని యూనిట్లు తీయాలో అంత గాలిని ముందు సీసాలోకి పంపడం, సీసాను తలకిందులు చేసి మందు లాగడం, బుడగ కనిపిస్తే సిరంజిని వేలితో తట్టి బుడగను సీసాలోకే తోసేయడం మాత్రం నిజమైన చేతులతోనే తీయాలి. గీసిన వేళ్లలో పట్టు కనిపించదు. బొటనవేలు ఎక్కడ ఆనుతుంది, సిరంజి ఎంత వంగుతుంది అన్నది గీతలో పోతుంది.

ఆ చేతులను ఎటునుంచి తీయాలన్నదీ ముఖ్యమే. ఎదురుగా కూర్చున్న నర్సును తీస్తే చూసేవాళ్లకు కుడి ఎడమలు తారుమారవుతాయి. కెమెరాను చేసేవాళ్ల భుజం వెనక, కాస్త పైన పెట్టి కిందికి చూడనివ్వాలి. రేపు ఇంట్లో తన పొట్టను తాను ఎలా చూసుకుంటారో తెర మీదా అలాగే కనిపిస్తుంది.

బొమ్మలో ఒక ఇబ్బంది ఉంది. పొట్టి రకం పెన్ను సూది పొడవు 4 మిల్లీమీటర్లు. చర్మం పొరలు కనిపించాలని దాన్ని తెర నిండా గీస్తే బల్లెంలా ఉంటుంది. మొదటిసారి ఇన్సులిన్ రాయించుకున్న మనిషి అప్పటికే భయపడుతూ ఉంటారు. అందుకని ముందు వేలిమొన పక్కన సూదిని, దాని పక్కన ఒక బియ్యపు గింజను నిజమైన కొలతలో చూపాలి. అక్కడినుంచి ఆపకుండా దగ్గరికి జరుగుతూ చర్మం లోపలికి వెళ్లాలి. మధ్యలో కట్ చేస్తే ఇది అదే సూది అన్న సంగతి తెగిపోతుంది.

ఇక మాట. ఇక్కడ తెలుగు వాక్యం మన పని తీరునే మార్చేస్తుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, వద్దనడం ఆ క్రియకూ చివర వస్తుంది. ‘సీసాను గట్టిగా కుదపకండి’ అన్న వాక్యంలో వద్దు అన్న సంగతి ఆఖరి అక్షరాల్లో ఉంది. బొమ్మలో సీసా ఊగుతూ ఉండగా, ఫ్యాన్ల హోరులో, పిల్లల ఏడుపులో ‘గట్టిగా కుదప...’ దాకా విన్నవాళ్లు ఏం చేస్తారు? కుదుపుతారు. ఇంగ్లిష్ వీడియోకు తెలుగు గొంతు అతికించినప్పుడు ఇది మరీ ఎక్కువ. అక్కడ ‘వద్దు’ ముందే వస్తుంది, బొమ్మ దాన్నిబట్టి కదులుతుంది. తెలుగు మాట వచ్చేసరికి తెర మీద ఇంకేదో నడుస్తుంటుంది. కాబట్టి వద్దన్నది వదిలి చేయవలసింది చెప్పాలి: ‘తెల్లగా ఉండే ఇన్సులిన్ సీసాను రెండు అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించండి. పదిసార్లు మెల్లగా పైకీ కిందికీ తిప్పండి. అడుగున ఏమీ మిగలకుండా పాలలా కలవాలి.’ నీళ్లలా తేటగా ఉండే ఇన్సులిన్‌కు ఈ పని అక్కర్లేదని వెంటనే చెప్పాలి. లేకపోతే రెండూ వాడేవాళ్లు తికమకపడతారు.

తప్పు ఎలా జరుగుతుందో చూపి ఎర్ర గీతతో కొట్టేయడం చాలామందికి ఇష్టం. మా సలహా: అది ఒక్కచోట, ప్రాణాపాయం ఉన్న సిరంజి తేడా దగ్గర చాలు. మిగతాచోట్ల మనసులో ముద్రపడేది కొట్టివేత కాదు, కొట్టేసిన పని.

గొంతు నిమిషానికి 95 మాటల దగ్గర నడవాలి. తెలుగు మాట పొడుగు. ఇంగ్లిష్ లెక్కన 140 మాటలు కూరితే వార్తలు చదివినట్టవుతుంది. రెండున్నర నిమిషాల వీడియోకు స్క్రిప్టు 240 మాటలు దాటకూడదు. ‘ఉదరం’ అనవద్దు, ‘కడుపు’ కూడా వద్దు, ఆ మాటకు గర్భం అన్న అర్థమూ ఉంది. ‘పొట్ట’ శ్రీకాకుళంలోనూ ఆదిలాబాద్‌లోనూ ఒకటే. ‘అల్పాహారానికి పూర్వం’ అనేకంటే ‘పొద్దున తినే ముందు’ అంటే టిఫిను తినేవాళ్లకూ నాష్తా చేసేవాళ్లకూ సరిపోతుంది.

సీసా–సిరంజికి ఒక వీడియో, పెన్నుకు ఇంకొకటి చేయాలి. డబ్బు కలిసొస్తుందని ఒకదాంట్లోనే రెండూ పెడితే అడుగులు కలగాపులగం అవుతాయి. పెన్నులో ప్రతిసారీ ముందు 2 యూనిట్లు గాలిలోకి వదిలి సూది మొన దగ్గర చుక్క వచ్చిందో లేదో చూసుకోవాలి. సీసా వాడేవాళ్లకు ఆ మాటే లేదు. పెద్దవాళ్లలో చాలామందికి 4 మిల్లీమీటర్ల పెన్ను సూదిని నిటారుగా గుచ్చితే సరిపోతుంది. సిరంజి సూది దానికంటే పొడవు కాబట్టి బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని మడతలా ఎత్తి పట్టుకోవాలి. పెన్ను మీట పూర్తిగా నొక్కాక పది లెక్కపెట్టి సూది తీయాలి, లేకపోతే మందు చుక్కలుగా బయటికి కారిపోతుంది. ఈ పది సెకన్లను ఎడిటింగ్‌లో కత్తిరించాలని చెయ్యి లాగుతుంది. కత్తిరించవద్దు. ఒకటి, రెండు, మూడు అని గొంతు పది దాకా లెక్కపెట్టాలి, తెర మీద చెయ్యి కదలకుండా ఉండాలి. పది సెకన్లు ఎంతసేపో నేర్పేది ఆ నిశ్చలమైన షాటే.

యానిమేషన్ సత్తా అంతా కనిపించేది కొవ్వు గడ్డల దగ్గర. ఒకేచోట నెలల తరబడి గుచ్చితే ఇన్సులిన్ ప్రభావానికి అక్కడి కొవ్వు పెరిగి గట్టిపడి ఉబ్బుతుంది. అక్కడ నొప్పి తక్కువ కాబట్టి చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది. ఆ గడ్డలో పడ్డ మందు ఒకరోజు ఆలస్యంగా, ఒకరోజు తొందరగా రక్తంలో కలుస్తుంది. షుగరు అదుపు తప్పిందని మోతాదు పెంచుతారు. కొన్నాళ్లకు ఎవరో చెబితే చోటు మారుస్తారు, పెంచిన మోతాదు మంచి చర్మంలో పూర్తిగా పనిచేసి షుగరు పడిపోతుంది. నెలల మీద జరిగే ఈ గొలుసును కెమెరా పట్టుకోలేదు. బొమ్మలో క్యాలెండరు కాగితాలు ఎగురుతూ ఉండగా 15 సెకన్లలో గడ్డ పెరగడం, మందు అందులో చిక్కుకోవడం చూపవచ్చు. వెంటనే విరుగుడు చెప్పాలి: బొడ్డు చుట్టూ రెండు వేళ్ల వెడల్పు వదిలి పొట్టను నాలుగు భాగాలు చేసి వారానికొకటి వాడాలి, ఒక పోటుకూ ఇంకోదానికీ వేలి వెడల్పు దూరం ఉండాలి. ఇప్పటికే గడ్డ ఉన్నవాళ్లు డాక్టరును అడిగిన తరవాతే చోటు మార్చాలన్న వాక్యం వదలరాదు. అది లేకుండా ఈ భాగాన్ని చూపితే వీడియోయే షుగరు పడిపోవడానికి కారణం కావచ్చు.

తెర మీద ఏ ఇల్లు గీస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. విప్పని సీసాను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్‌లో పెడితే మందు పాడవుతుంది. వాడుతున్న సీసాను సాధారణంగా నాలుగు వారాలు చల్లటి నీడలో ఉంచుకోవచ్చు. ఇది చెప్పడానికి రెండు తలుపుల ఫ్రిజ్ గీస్తే, ఫ్రిజ్ లేని ఇంటివాళ్లు ఇది తమకు కాదనుకుంటారు. మట్టికుండ, దానికి చుట్టిన తడిగుడ్డ, లోపల నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టిన సీసా గీయాలి.

తెలుగు అక్షరం తెరకెక్కేటప్పుడు కొన్ని జాగ్రత్తలు కావాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల సెట్టింగులు దక్షిణాసియా లిపులకు తగ్గట్టు ఉన్నాయో లేదో చూసుకోకపోతే ఒత్తులు విడిపోవచ్చు. ఒక్కో అక్షరం తేలుతూ వచ్చే ఎఫెక్టూ అలాగే విరగ్గొడుతుంది. మాట మొత్తం ఒకేసారి రావాలి. ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లిష్‌కంటే ఎక్కువ జాగా వదలాలి. షుగరు ఉన్నవాళ్లలో కంటిచూపు దెబ్బతిన్నవాళ్లు చాలామంది. సన్నటి ఫాంటు వద్దు, తెరకు మూడు నాలుగు మాటలు మించవద్దు. గొంతు చెప్పేదంతా తెర మీద కూడా రాస్తే బొమ్మ చూసే కన్ను చదవడంలో పడిపోతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చూపాయి. ఓపీ హాలు టీవీలో శబ్దం వినపడదు కాబట్టి ఆ ఒక్కచోటికి అక్షరాలు ఎక్కువున్న కాపీ వేరుగా చేసుకోవడం మేలు.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ప్రయోగంలో ఏటీఎస్–6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, పాఠాల్లో ఆరోగ్యమూ ఉంది. అప్పుడు చూసినవాళ్లకు ఆపి మళ్లీ చూసే వీలు లేదు. ఇప్పుడు ఫోనులో ఆ వీలు ఉంది. అందుకే అడుగడుగుకూ రెండు సెకన్ల విరామం పెట్టాలి, అక్కడ ఆపి ఆ అడుగు చేసుకుని మళ్లీ నడిపించుకుంటారు. వాట్సాప్‌లో చేతులు మారాలంటే ఫైలు 16 ఎంబీ దాటకపోవడం మంచిది. 150 సెకన్లకు లెక్కేస్తే సెకనుకు సుమారు 850 కిలోబిట్లు. చదునైన రంగుల బొమ్మకు 720పి నాణ్యతలో అది చాలు. కెమెరా భాగాల వెనక పూల కర్టెను, కదిలే ఆకులు ఉంటే ఆ లెక్కలో దృశ్యం చుక్కలు చుక్కలుగా పగులుతుంది. వెనక నీలం గుడ్డ కట్టండి.

పరీక్ష మాత్రం బొమ్మలు కదలకముందే జరగాలి. పాతిక ముప్పై స్కెచ్‌లు, ఫోనులో రికార్డు చేసిన గొంతు, ఈ రెంటినీ వరుసగా అతికిస్తే చాలు. ఇన్సులిన్ ఎప్పుడూ వాడని అయిదుగురికి అది చూపించి, స్పాంజి ముక్క, ‘సాధనకు మాత్రమే’ అని రాసిన నీళ్ల సీసా, కొత్త సిరంజి చేతికివ్వాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ అయిందనే అంటారు. అడగవద్దు, చేయమనాలి. పక్కన ఒకరు చేయవలసిన పది పనులూ వరుసగా రాసిన కాగితం పట్టుకుని ఏది తప్పిందో టిక్కు పెట్టుకోవాలి. అయిదుగురిలో ఇద్దరు గాలి పంపడం మరిచిపోతే మరిచింది వాళ్లు కాదు, ఆ షాట్ పొట్టిదై ఉంటుంది. స్కెచ్ మార్చడం అరగంట పని. పూర్తయిన యానిమేషన్‌లో అదే మార్పుకు గొంతు, కదలిక, సంగీతం అన్నీ మళ్లీ మొదలవుతాయి. డాక్టరు సంతకం కూడా ఈ దశలోనే తీసుకోవాలి.

ఆసుపత్రి రేపు 40 సీసాలు మానేసి 100కు మారితే ఈ వీడియో ఆ రోజే ప్రమాదకరం అవుతుంది, వాట్సాప్‌లో వెళ్లిపోయిన ఫైలును ఎవరూ వెనక్కి తేలేరు. కాబట్టి మందుచీటీ మీద ఫైలుకు కాక మారని లింకుకు దారితీసే క్యూఆర్ కోడ్ అచ్చువేయాలి. ఆ లింకు వెనకున్న వీడియోను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మొదటి తెర మీద తయారైన నెల, సంవత్సరం, ‘40 సీసాకు మాత్రమే’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఏడాదికోసారి నర్సు, ఫార్మసిస్టు కలిసి కూర్చుని, అప్పుడు మందుల కౌంటరులో ఇస్తున్న సీసానూ సిరంజినీ చేతిలో పట్టుకుని వీడియోను మొదటినుంచి చివరిదాకా చూడాలి.