లా కాలేజీ లైబ్రరీలో బయటివాళ్ల కుర్చీ

పొద్దున పదకొండు కొట్టగానే శాఖా గ్రంథాలయం తలుపు మూతపడుతుంది. మళ్లీ తెరిచేది నాలుగింటికే. ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు. గోదావరి డెల్టాలో చాలా శాఖా గ్రంథాలయాలకు ఏళ్ల తరబడి ఇవే వేళలు. పేపరు తిరగేసి పొలానికో కొట్టుకో పోయే మనిషికి ఈ వేళలు సరిగ్గా సరిపోతాయి. డీఎస్సీకో గ్రూప్-2కో కానిస్టేబుల్ పరీక్షకో కూర్చున్న పిల్లలకు చిక్కల్లా నడిమి ఐదు గంటలతోనే. ఇంట్లో రేకుల కప్పు, పక్క గదిలో టీవీ, మంచం తప్ప బల్ల ఉండదు. డబ్బున్నవాళ్లు నెలకింతని కట్టి ప్రైవేటు స్టడీ హాల్లో సీటు తీసుకుంటారు. లేనివాళ్లు గుడి మండపమో, కాలువ గట్టున రావిచెట్టు కిందో చూసుకుంటారు.

మా పట్టణంలో ఒక లా కాలేజీ ఉంది. పేరెందుకు లెండి. దాని లైబ్రరీ హాలు మధ్యాహ్నం పూట సగానికి పైగా ఖాళీ. పొడుగాటి టేకు బల్లలు, పైన నాలుగు ఫ్యాన్లు, గోడ వెంబడి ప్లగ్ పాయింట్లు. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది కదా, ఆ ఎండల్లో ఒకరోజు ఆ గేటు దగ్గర నిలబడి ఉన్నాను. భుజాన సంచీ, చేతిలో నీళ్ల సీసాతో ఒకమ్మాయి వాచ్‌మన్‌ను బతిమాలుతోంది.

‘ఆయ్, ఐడీ కార్డు లేందే లోపలికి పంపొద్దన్నారండి. నిన్న ఒకబ్బాయిని పంపితే నాకు పడ్డాయండి అక్షింతలు.’

‘ఓ మూల కూర్చుంటాను బాబాయ్. మీ పుస్తకాలేవీ ముట్టుకోను.’

ఈ రెండో మాట దగ్గర నేను ఆగిపోయాను. లైబ్రరీలోకి రానివ్వమని అడుగుతూ, పుస్తకాలు ముట్టుకోనని హామీ ఇస్తోంది! కావాల్సింది కుర్చీ, ఫ్యాను, కాస్త నిశ్శబ్దం. బయటివాళ్లను లా కాలేజీ లైబ్రరీలో కూర్చోనివ్వాలా వద్దా అని ఇప్పుడు మా వైపు నడుస్తున్న తగువంతా ఆ మాటలోనే ఉంది. కానీ దాని వేర్లు చాలా వెనక్కి పోతాయి.

డెల్టాలో చదువుకునే గది అందరిదీ అన్న ఊహ మొదటినుంచీ ఉన్నదే. రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు 1898లో గ్రంథాలయం పెట్టేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా లేవు. అదే తర్వాత మరో గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయమైంది. గ్రంథాలయోద్యమానికి పితామహుడని పేరుపడ్డ అయ్యంకి వెంకటరమణయ్య ఎక్కడివాడో కాదు, బిక్కవోలు దగ్గర కొంకుదురులో పుట్టినవాడు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిగాక, ఊరూరా తిరిగి గ్రంథాలయ యాత్రలు నడిపారు. చదువురాని వాళ్లను కూర్చోబెట్టి పేపరు చదివి వినిపించడం కూడా అప్పట్లో గ్రంథాలయం పనే. 1935లో కృష్ణా డెల్టా వాళ్లయితే ఏకంగా పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊళ్లకు పంపారు. కాటన్ దొర ఆనకట్ట కట్టాక నీళ్లతో పాటు అన్నీ కాలువల మీదే నడిచిన గడ్డ మాది. ఆ పని మనకెందుకు తట్టలేదా అని నాకిప్పటికీ కాస్త ఉక్రోషమే.

ఆ గదుల్లో కూర్చోవడానికి కార్డు అడిగేవారు కారు. పుస్తకం ఇంటికి పట్టుకెళ్లాలంటే చందానో డిపాజిట్టో. పేపరు చదువుకుంటూ కూర్చోవడం ఉచితం.

లా పుస్తకం సంగతి వేరు. అది ఏనాడూ ఆ గదుల్లోకి రాలేదు. రాజమహేంద్రవరం పాతకాలం నుంచీ కోర్టు ఊరు. టంగుటూరి ప్రకాశం అక్కడే ప్లీడరీ చేసి, మునిసిపల్ ఛైర్మన్ అయి, 1904లో బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లారు. హిందూ పత్రిక పెట్టినవాళ్లలో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు కూడా ఆ ఊరి వకీలే. అప్పట్లో లా చదవాలంటే మద్రాసు పోవాలి. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో లా చదువు మొదలైంది 1945లో. ఏలూరులో సి.ఆర్.రెడ్డి, భీమవరంలో డి.ఎన్.ఆర్. లాంటి లా కాలేజీలు మన ముంగిట్లోకి వచ్చింది ఆ తర్వాత చాలా కాలానికి. అంతదాకా లా పుస్తకం అంటే వకీలు గారి ముందుగది. నేల నుంచి దూలం దాకా అద్దాల బీరువాలు, తోలు బైండు మీద బంగారు రంగు అంకెలు, తాళంచెవి గుమాస్తా మొలతాడుకు. కక్షిదారుడు ఆ గదిలో గంటలు గంటలు కూర్చునేవాడు గానీ పుస్తకం మీద చెయ్యి వేసేవాడు కాదు. వేసినా అదంతా ఇంగ్లీషు.

మా వీధిలో ఒక పెద్ద ప్లీడరు గారు పోయాక వాళ్ల పిల్లలు ఆ సంపుటాలు కొన్ని కాలేజీకి ఇచ్చారు, మిగతావి పాత కాగితాలవాడికి తూకానికి వేశారు. కాలేజీకి వెళ్లినవి ఇప్పటికీ చివరి ర్యాకులో ఉన్నాయి. లోపలి పేజీలో ఊదారంగు రబ్బరు ముద్ర, దాని పక్కన ఆయన ఎర్ర సిరాతో గీసిన గీతలు. వాటిని తెరిచినవాడు ఈ మధ్య ఎవడూ లేడని దుమ్మే చెబుతోంది.

కాలేజీ వైపు నుంచి చూస్తే వాళ్ల మాటా తీసిపారేసేది కాదు. వకీళ్ల వృత్తికీ లా చదువుకూ ప్రమాణాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్య నియమాలు లైబ్రరీకి లెక్క కట్టాయి. చేరిన విద్యార్థుల్లో కనీసం 25 శాతం మందికి కూర్చుని చదువుకునే చోటుండాలి. మూడొందల మంది ఉన్న కాలేజీ అయితే డెబ్బై అయిదు కుర్చీలన్నమాట. ఏఐఆర్ మాన్యువల్, ఎస్‌సీసీ, క్రిమినల్ లా జర్నల్ లాంటి చట్టాల, తీర్పుల సంకలనాలు కనీసం పదేళ్ల వెనకటి సంపుటాలతో ఉండాలి, విద్యార్థికి పది పుస్తకాల చొప్పున పాఠ్యపుస్తకాలుండాలి, ఏటా కనీసం 50,000 రూపాయలు, మూడేళ్ల కోర్సూ ఐదేళ్ల కోర్సూ రెండూ ఉంటే లక్ష ఖర్చు పెట్టాలి. క్లాసులు రాత్రి ఏడు దాకానే అయినా లైబ్రరీ పది దాకా తెరిచి ఉంచవచ్చు. ఆ డెబ్బై అయిదు కుర్చీలూ విద్యార్థులను లెక్కపెట్టి వేసినవి, వాళ్ల ఫీజుతో నడిచేవి. బయటివాడి కుర్చీ ఆ లెక్కలో లేదు. ఇక సెమిస్టర్ పరీక్షలప్పుడు డెబ్బై అయిదూ చాలవు. తమ పిల్లలు నిలబడి, బయటివాళ్లు కూర్చుంటే ప్రిన్సిపాల్ గారికి సమాధానం చెప్పుకోవాల్సింది లైబ్రేరియనే.

అయితే అదే నియమాల్లో ఇంకో తలుపుంది. ప్రతి లా కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్, అంటే జనానికి న్యాయ సహాయం చేసే కేంద్రం నడపాలి, సీనియర్ అధ్యాపకుడు చూసుకోవాలి, విద్యార్థులు పనిచేయాలి. ఆ దారిన సామాన్యుడు గేటు దాటవచ్చు. ఆ పక్క వారమే దాన్ని కళ్లారా చూశాను. అరవై దాటిన కౌలు రైతు ఒకాయన, పంచె మడిచి కట్టి, చేతిలో గోధుమ రంగు కవరుతో వచ్చాడు. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది కదా, దాని కింద కౌలు రైతుకిచ్చే సాగు హక్కు కార్డు కావాలంటే భూయజమాని సంతకంతో పదకొండు నెలల ఒప్పందం ఉండాలన్నారట. ‘ఆసామి సంతకం పెట్టనంటున్నాడండి. పెట్టి తీరాలని చట్టంలో ఉందా, లేదా? ఎవరో చెప్పింది కాదండి, నేనే చదువుకుంటాను.’ వాచ్‌మన్ ఆయన్ను ఆపలేదు. ఓ విద్యార్థి ఫోన్లోంచి చట్టం ప్రింటు తీయించి ఇస్తే, ఆయన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాడు, సుమారు గంట. యజమాని కలిసి రాకపోతే ఆ కార్డు రాదన్న సంగతి తన కళ్లతోనే చూసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు. చట్టం కోసం వచ్చాడు కాబట్టి ఆయనకు కుర్చీ దొరికింది. ఆ అమ్మాయి అడిగింది వట్టి కుర్చీ.

ఈ తేడా మన దగ్గరే కాదు. డెల్టాలో ఇంటికొకరు అమెరికాలో ఉంటారు. అక్కడ లా స్కూల్ లైబ్రరీలోకి దారినపోయేవాడు కూడా వెళ్లి కూర్చుంటాడని వాళ్లు ఫోన్లో చెబుతుంటారు. నిజమే, కొన్నిటిలోకి వెళ్లవచ్చు. కారణం మాత్రం పెద్ద మనసు ఒక్కటే కాదు. అక్కడి ప్రభుత్వం తాను అచ్చువేసిన చట్టాలు, నివేదికలు దేశమంతటా ఎంచుకున్న గ్రంథాలయాలకు ఉచితంగా పంపుతుంది. వాటిని డిపాజిటరీ లైబ్రరీలంటారు. 1978లో చేసిన చట్టంతో గుర్తింపు ఉన్న లా స్కూళ్ల లైబ్రరీలూ ఆ హోదా అడిగి తీసుకునే వీలు వచ్చింది. తీసుకుంటే షరతొకటి: ఆ ప్రచురణలను సామాన్య జనం ఉచితంగా చూసుకోనివ్వాలి. అందుకే తలుపు తెరుస్తారు. ఆ షరతు ప్రచురణలకే గానీ కూర్చునే చోటుకు కాదు. గ్రూపు స్టడీ గదులు, విడి బల్లలు తమ విద్యార్థులకే అట్టిపెట్టుకున్న లైబ్రరీలు, పరీక్షల రోజుల్లో బయటివాళ్ల వేళలు కుదించేవీ అక్కడ మామూలే. మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు తమ ప్రతి కొత్త పుస్తకాన్నీ పంపాల్సిన గ్రంథాలయాలు నాలుగే: కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ. గోదావరి జిల్లాల వాడు చట్టం పుస్తకం కోసం పోదామంటే అందులో దగ్గరిది మద్రాసే.

పైగా ఇప్పుడు చట్టం పుస్తకం కోసం ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ అనే ఆన్‌లైన్ తీర్పుల సంకలనం తెరిచి తన తీర్పులను ఉచితంగా పెట్టింది. వకీలు గారి గుమాస్తా మొలతాడుకు వేలాడిన తాళంచెవికి ఇక పనిలేదు. ఫోన్లో ఇమడనిది బల్లా కుర్చీలే. మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాలూ పుస్తకం గురించో పాఠకుడి గురించో గ్రంథాలయం ఎదగడం గురించో చెబుతాయి. కుర్చీ ప్రస్తావన ఒక్కదాంట్లోనూ లేదు. పుస్తకం ఉన్నచోట కుర్చీ ఎలాగూ ఉంటుంది కదా.

కుర్చీకి డబ్బు మనం కట్టడం లేదా అంటే కడుతూనే ఉన్నాం. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టంతో మొదలైన గ్రంథాలయ సెస్సు, 1960 ఆంధ్రప్రదేశ్ చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆధారమైంది. ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, రూపాయికి ఎనిమిది పైసలు. వెయ్యి రూపాయల పన్నుకి ఎనభై. పంచాయతీ, మునిసిపాలిటీ దాన్ని వసూలుచేసి సంస్థకు జమచేయాలి. అది సకాలంలో జమ కాదన్నది గ్రంథాలయ సంస్థల పాత మొర. బకాయి అలా పేరుకుంటుంటే శాఖా గ్రంథాలయానికి రెండో షిఫ్టు మనిషి ఎక్కడినుంచి వస్తాడు, నడిమి ఐదు గంటలు ఎవరు తెరుస్తారు? లా కాలేజీ గేటు దగ్గర తగువు పడుతున్నవాళ్లు అసలు పడాల్సింది మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద అని నా అభిప్రాయం. అలాగని సగం హాలు ఖాళీగా పెట్టుకుని గేటు వేయడం కూడా నాకు మింగుడుపడదు.

మా పట్టణం కాలేజీలో చివరికి కుదిరింది మధ్యేమార్గం. చివరి రెండు బల్లలు, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా, పన్నెండు మందికి. గేటు దగ్గర నోటుబుక్కులో పేరు, ఊరు, వచ్చిన వేళ రాయాలి, సంచీ బయటి ర్యాకులో పెట్టాలి. ఇవేవీ కాగితం మీద లేవు, కొత్త లైబ్రేరియన్ మేడమ్ నోటిమాట. ఆవిడకు బదిలీ అయితే ఏమవుతుందని వాచ్‌మన్‌నడిగాను.

‘అదేమోనండి. వచ్చే సోమవారం నుంచి సెమిస్టర్ పరీక్షలండి. అప్పటిదాకా అయితే పన్నెండు మందేనండి.’

బుక్కులో ఆ రోజుకి పదకొండు పేర్లున్నాయి. పన్నెండో గడిలో అంకె మాత్రం వేసి ఉంచాడు.