కార్టూన్‌ను పిల్లల గదిలోకి తోసిందెవరు?

1918 జూలైలో అమెరికా థియేటర్లలోకి పన్నెండు నిమిషాల యానిమేషన్ చిత్రం ఒకటి వచ్చింది. పేరు ‘ది సింకింగ్ ఆఫ్ ది లూసిటానియా’. 1915 మే 7న ఐర్లాండ్ తీరం దగ్గర జర్మన్ జలాంతర్గామి టార్పెడో దెబ్బకు మునిగిపోయిన ప్రయాణికుల ఓడ కథ అది. ఆ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు. మునిగే ఓడను ఏ కెమెరా పట్టలేదు కాబట్టి విన్సర్ మెకే అనే చిత్రకారుడు కొద్దిమంది సహాయకులతో కూర్చుని దాదాపు 25,000 బొమ్మలు గీసి ఆ దృశ్యాన్ని తెర మీదికి తెచ్చాడు. ఓడ ఒరుగుతుంది. మనుషులు చీమల్లా అంచుల మీంచి జారిపడతారు. చివర్లో ఒక తల్లి బిడ్డను నీళ్లకు పైన పట్టుకోవాలని పెనుగులాడుతూ బిడ్డతో సహా మునిగిపోతుంది.

అమెరికా యానిమేషన్ తొలి అడుగుల్లో ఇదొకటి. మరి అదే దేశంలో ‘కార్టూనా, పిల్లలకు పెట్టు’ అనే మాట ఎప్పుడు పుట్టింది? ‘బొమ్మలంటే పిల్లలకే కదా ఇష్టం’ అని తేల్చేయడం తేలిక. కానీ మన తోలుబొమ్మలాట ముందు తెల్లవార్లూ కూర్చున్నది పెద్దలే. బంగారక్క, జుట్టుపోలిగాడు ఆడుకునే మాటలు పిల్లల చెవిన పడేయదగ్గవి కావు. బొమ్మకంటూ ఒక వయసు లేదు. దాన్ని ఎక్కడ, ఏ వేళకు ఆడించారు, ఖర్చు ఎవరు భరించారు అన్నవి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

1930లలో అమెరికాలో సినిమా టికెట్ కొంటే ఒక్క సినిమా రాదు. ముందు వార్తాచిత్రం, తర్వాత ఏడు నిమిషాల కార్టూన్, ఆపైన అసలు సినిమా. కార్టూన్ చూసేది ఆ హాల్లో ఉన్నవాళ్లంతా. ఫ్లైషర్ స్టూడియో వాళ్ల బెట్టీ బూప్ పొట్టి గౌనుతో, తొడకు గార్టర్ పట్టీతో పాడేది, ఆడేది. 1934 జూలై నుంచి హాలీవుడ్ సెన్సార్ నియమావళిని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టాక ఆ గౌను మోకాళ్ల దాకా దిగింది, గార్టర్ మాయమైంది. పెద్దల సినిమాలకు పెట్టిన కత్తెర కార్టూన్‌కూ పెట్టారంటే అప్పటికి దాన్ని వేరే గదిలో కూర్చోబెట్టలేదన్నమాట. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం తన జవాన్ల కోసం ‘ప్రైవేట్ స్నాఫూ’ అనే కార్టూన్లు తీయించింది. దోమతెర వాడకపోతే ఏమవుతుంది, తాగి నోరు జారితే రహస్యం ఎలా పొక్కుతుంది, ఇవీ పాఠాలు. చూసేది సైనికులే కాబట్టి వాటికి హాలీవుడ్ సెన్సార్ లేదు, హాస్యం కూడా బ్యారక్‌ల స్థాయిలోనే ఉండేది. బ్రిటన్‌లో తీసిన, 1954లో విడుదలైన ‘యానిమల్ ఫామ్’ కార్టూన్‌కు రహస్యంగా డబ్బు పెట్టింది సీఐఏ. ప్రచ్ఛన్న యుద్ధంలో గూఢచారి సంస్థ చిన్నపిల్లల వినోదం కోసం ఖర్చు పెట్టదు కదా.

అయితే బొమ్మ రూపంలోనూ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. తొలితరం కార్టూన్ పాత్రలు చాలావరకు గుండ్రటి తల, గుండ్రటి పొట్ట, గొట్టాల్లాంటి కాళ్లూ చేతులతో ఉంటాయి. దీనికి మొదటి కారణం పని సౌకర్యం. ఒకే పాత్రను పదిమంది గీస్తారు. కోణాలున్న ముఖాన్ని పదిమందీ ఒకేలా తిప్పి గీయలేరు, ఒక్కో చేతిలో ఒక్కోలా మారిపోతుంది. వలయం ఎటు తిప్పినా వలయమే. నాణెం కింద పెట్టి గీసినా సరిపోతుంది. అయితే గుండ్రటి తల, పెద్ద కళ్లు, ఉబ్బిన బుగ్గలు కనబడితే మన మెదడు దాన్ని పసిబిడ్డగా లెక్కేస్తుంది. 1943లో జంతు ప్రవర్తనను పరిశీలించే శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ ఈ లక్షణాల గుంపునే శిశురూపం అని వర్ణించాడు. 1979లో జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ కొలత పరికరం పట్టుకుని మిక్కీ మౌస్‌ను కొలిచాడు. తల పొడవులో కన్ను వాటా తొలి మిక్కీలో 27 శాతం, తర్వాతి మిక్కీలో 42 శాతం. శరీరం పొడవులో తల వాటా 42.7 నుంచి 48.1 శాతానికి పెరిగింది. అల్లరి ఎలుక మంచి ఎలుకగా మారే కొద్దీ రూపం పసితనంలోకి వెనక్కి నడిచింది. గీసేవాడి చేతి సులువు కోసం పుట్టిన వలయం చూసేవాడి కంటికి ఊయలలోని బిడ్డైంది. పెద్దలు ‘ఇది మనకు కాదు’ అనుకోవడానికి కళ్లు సగం ఒప్పేసుకున్నాయి.

మిగతా సగం పని వ్యాపారం చేసింది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారామౌంట్ కేసులో తీర్పు ఇచ్చింది. పెద్ద సినిమా కావాలంటే ఫలానావి కూడా కట్టగట్టి తీసుకోవాల్సిందే అన్న బేరం చెల్లదంది. స్టూడియోలు సొంత థియేటర్లను వదులుకోవాల్సి వచ్చింది. ఇక ఏడు నిమిషాల కార్టూన్‌కు మంచి అద్దె ఇచ్చే థియేటర్ యజమాని ఎవడు? అదే సమయంలో ఇంట్లోకి టీవీ వచ్చింది. 1956లో వార్నర్ సంస్థ 1948 ఆగస్టుకు ముందు తీసిన రంగుల కార్టూన్లను టీవీ పంపిణీదారుకు అమ్మేసింది. పొపాయ్ కార్టూన్లూ అదే దారి పట్టాయి. స్థానిక టీవీ స్టేషన్లు వాటిని పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు వేశాయి. రాత్రి ఆటకు తీసిన సరుకు సాయంత్రం బిస్కెట్ల పక్కన చేరింది. ఒక్క గీత మారలేదు. వేళ మారింది, అంతే.

1957లో ఎంజీఎం స్టూడియో తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది. అక్కడ ‘టామ్ అండ్ జెర్రీ’ తీసి, ఇప్పుడు రోడ్డున పడ్డ విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అదే ఏడాది సొంత స్టూడియో పెట్టి టీవీకి తీయడం మొదలుపెట్టారు. నిమిషానికి టీవీ ఇచ్చే డబ్బు థియేటర్ బడ్జెట్‌లో పదో వంతు చుట్టూనే తిరిగేది. ఆ డబ్బుతో బొమ్మ ఎలా కదులుతుందో దగ్గర నుంచి చూద్దాం.

సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు తిరుగుతుంది. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు చాలు. ఏడు నిమిషాలకు లెక్కేస్తే ఒక్క పాత్రకే 5,040 బొమ్మలు. పిల్లి, ఎలుక ఇద్దరూ ఎప్పుడూ తెర మీదే ఉంటే అంతకు రెట్టింపు. ప్రతి బొమ్మనూ పెన్సిల్‌తో గీసి, శుభ్రం చేసి, సెల్ అనే పారదర్శక షీటు మీద ఇంకుతో దించి, వెనక వైపు రంగు నింపి, కెమెరా కింద పెట్టి ఫొటో తీయాలి. టీవీ బడ్జెట్ దీన్ని మోయలేదు.

అందుకే పాత్రను ముక్కలు చేశారు. ఎలుగుబంటి నిలబడి ఐదు సెకన్లు మాట్లాడుతోంది అనుకోండి. పూర్తి పద్ధతిలో 60 బొమ్మలు కావాలి. పొదుపు పద్ధతిలో ఒంటికి ఒక్క సెల్, తల వంపులు మూడో నాలుగో, నోటి ఆకారాలు ఏడెనిమిది, కంటిరెప్పలకు రెండు. మొత్తం పదిహేను దాటదు. ఈ నోళ్లనే తర్వాతి సీన్‌లోనూ వాడుకోవచ్చు. కదిలే తలకూ కదలని ఒంటికీ మధ్య అతుకు కనబడుతుంది కాబట్టి మెడకు కాలరో టైయో తగిలించారు. వాళ్ల ఎలుగుబంటి పాత్ర యోగి బేర్ చొక్కా లేకుండా కాలరూ టైతో తిరగడానికి కారణం అదే. ఫ్యాషన్ కాదు, అతుకు కప్పే గుడ్డ.

ఇందులో తప్పులు దొర్లే చోట్లు కూడా ఉన్నాయి. సెల్ పూర్తిగా పారదర్శకం కాదు, ఒక్కో పొర కింది రంగును కాస్త మసక చేస్తుంది. సీన్ మధ్యలో ఒక పొర తీసేస్తే ఒంటి రంగు ఉలిక్కిపడ్డట్టు మారిపోతుంది. అందుకని ఖాళీ సెల్ అయినా సరే పెట్టి పొరల లెక్క సమానంగా ఉంచేవాళ్లు. నడకలో మరో ఇబ్బంది. వెనక దృశ్యం ప్రతి ఫ్రేముకూ జరుగుతుంటే, పాత్ర మాత్రం రెండు ఫ్రేములకోసారి మారితే పాదాలు నేల మీద జారుతున్నట్టు, వణుకుతున్నట్టు కనిపిస్తాయి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ మౌనానికి తగిలింది. నటుడు ఏమీ మాట్లాడకుండా నాలుగు సెకన్లు శూన్యంలోకి చూస్తే అది నటన. గీసిన బొమ్మను నాలుగు సెకన్లు ఆపితే చచ్చిన బొమ్మ. శ్వాస, భుజం కదలిక, రెప్ప బరువు అన్నీ మళ్లీ గీయాలి, దానికి డబ్బు లేదు. అందుకే టీవీ కార్టూన్ ఆగకుండా వాగుతుంది. పూర్తి యానిమేషన్‌లో ఆరితేరిన చక్ జోన్స్ దీన్ని బొమ్మలతో రేడియో అని వెక్కిరించాడు. దిగులు, సందేహం, సిగ్గు లాంటివి ముఖం మీద నెమ్మదిగా మారేవి. అవి ఖరీదైన సరుకు. తన్నులాట, జోకు చవక. ఏది చవకో అదే తెర మీద మిగిలింది.

పొదుపు పద్ధతే పిల్లతనం అనడం మాత్రం అన్యాయం. అమెరికాలోనే యూపీఏ స్టూడియో ఇదే పద్ధతిని శైలిగా మలచి 1953లో ఎడ్గార్ అలన్ పో కథ ‘ది టెల్-టేల్ హార్ట్’ తీసింది. హంతకుడి మనసులోంచి చెప్పిన కథ. బ్రిటన్‌లో దానికి పెద్దలకు మాత్రమే అనే ఎక్స్ సర్టిఫికెట్ ఇచ్చారు.

టీవీ కూడా మొదట్లో పెద్దలను వదులుకోలేదు. ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ 1960 సెప్టెంబర్ 30న, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకు మొదలైంది. రాతియుగం పేరుతో ఉద్యోగం, భార్య, పక్కింటాయన మధ్య నడిచే సంసార హాస్యం. స్పాన్సర్లలో విన్‌స్టన్ సిగరెట్ కంపెనీ ఒకటి. ప్రకటనలో ఫ్రెడ్, బార్నీ హాయిగా సిగరెట్ తాగుతారు. ఎనిమిదేళ్లు గడిచాయి. 1968లో అదే ఫ్రెడ్ ఆకారంలో పిల్లల విటమిన్ మాత్రలు మార్కెట్లోకి వచ్చాయి. 1971లో అతని పాప పెబుల్స్ పేరుతో పిల్లలు పొద్దున పాలలో వేసుకుని తినే సీరియల్ డబ్బా వచ్చింది. పాశ్చాత్య కార్టూన్ చరిత్రను వస్తువులతో చూపమంటే ఈ మూడింటినీ వరసగా బల్ల మీద పెడితే చాలు: సిగరెట్ పెట్టె, విటమిన్ సీసా, సీరియల్ డబ్బా.

1960ల నడిమికి అమెరికా నెట్‌వర్క్‌లు శనివారం ఉదయాన్ని కార్టూన్లకు రాసిచ్చేశాయి. ఆ వేళకు టీవీ ముందు పిల్లలే ఉంటారు, సీరియల్, బొమ్మల కంపెనీలకు కావాల్సింది వాళ్లే. అదొక ఉచ్చు. పిల్లలే చూస్తారు కాబట్టి పిల్లల ప్రకటనలు, ఆ ప్రకటనల కోసం పిల్లల కథలు, ఆ కథలే వస్తాయి కాబట్టి చూసేది పిల్లలే. 1968లో బోస్టన్ ప్రాంతంలో పెగ్గీ చారెన్ వంటి తల్లులు పిల్లల టీవీ కోసం సంఘం కట్టారు. అదే ఏడాది మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీ హత్యలతో తెర మీది హింసపై వ్యతిరేకత పెరిగింది. కొట్లాటల సూపర్‌హీరోలు వెనక్కి వెళ్లారు. మరుసటి ఏడాది ‘స్కూబీ-డూ’ వచ్చింది. అందులో దయ్యం చివరికి ముసుగేసుకున్న మనిషే. ఆ తల్లుల ఆందోళన న్యాయమైనదే, ప్రకటనల దాడి నిజంగానే ఎక్కువ. కానీ రక్షణ కోసం రాసిన ప్రతి నియమమూ కార్టూన్ అంటే పిల్లల వస్తువని ఇంకోసారి చట్టబద్ధం చేసింది. 1984లో ప్రకటనల నిబంధనలు సడలాక అరగంట ఎపిసోడే బొమ్మ అమ్ముకునే ప్రకటనైంది. 1990 చట్టం పిల్లల కార్యక్రమాల్లో గంటకు వారాంతంలో పదిన్నర నిమిషాలు, మామూలు రోజుల్లో పన్నెండు నిమిషాలు మించి ప్రకటనలు వద్దంది.

గీసే పని తర్వాతి దశాబ్దాల్లో దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్, ఆపైన మన హైదరాబాద్ స్టూడియోల దాకా వచ్చింది. కథ, స్టోరీబోర్డు అక్కడ, కదిలించే పని ఇక్కడ. ఏ వయసువాళ్ల కోసం అన్నది పని చేతికి అందేసరికే నిర్ణయమైపోయి ఉంటుంది.

1989 డిసెంబర్ 17న ‘ది సింప్సన్స్’ మొదలై పెద్దలను మళ్లీ టీవీ కార్టూన్ ముందుకు తెచ్చింది. కానీ తెచ్చిన దారి ఒక్కటే, వెటకారం. మాటల మీద నడిచే అరగంట హాస్యం పొదుపు పద్ధతికి అతికినట్టు సరిపోతుంది. దాంతో పెద్దల యానిమేషన్ అంటే బూతులున్న కామెడీ అనే కొత్త ముద్ర పడింది, పాతదాని కన్నా అదేం మెరుగు కాదు. సీరియస్ కథలు యూరప్ నుంచి, చిన్న బడ్జెట్లలో వచ్చాయి. డెన్మార్క్ చిత్రం ‘ఫ్లీ’ అఫ్గాన్ శరణార్థి నిజజీవిత కథ. అతని ముఖం బయటపడకుండా ఉండటానికే యానిమేషన్ ఎంచుకున్నారు. 2021 సినిమాల ఆస్కార్లలో అది డాక్యుమెంటరీ, విదేశీ చిత్రం, యానిమేషన్ మూడు విభాగాల్లోనూ నామినేట్ అయింది.

ముద్ర ఎంత లోతుగా దిగిందో బ్రిటిష్ సెన్సార్ బోర్డు ఫైళ్లలో చూడొచ్చు. 1978లో ‘వాటర్‌షిప్ డౌన్’ అనే కుందేళ్ల సినిమా వాళ్ల ముందుకు వచ్చింది. ఉచ్చులో మెడ బిగిసి నురగ కక్కే కుందేలు, పూడ్చిన బొరియల్లో ఊపిరాడక చచ్చేవి, గోళ్లతో చీల్చిన గొంతులు, తెర నిండా రక్తం. బోర్డు దానికి అందరూ చూడొచ్చనే యూ సర్టిఫికెట్ ఇచ్చింది. గీసిన బొమ్మ కాబట్టి హింసలోని భయం తగ్గిపోతుందనీ, కథ మాయ వీడాక పిల్లలను అది వెంటాడదనీ వాళ్ల వాదన. దశాబ్దాల పాటు తల్లిదండ్రుల ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. నలభై నాలుగేళ్ల తర్వాత, 2022లో, సినిమా మళ్లీ బోర్డు ముందుకు వచ్చినప్పుడు దాన్ని పిల్లలకు పెద్దల సలహా అవసరమనే పీజీకి మార్చారు. చూపిన కారణాల్లో హింస, బెదిరింపు, రక్తంతో పాటు భాష కూడా ఉంది. ఒక సముద్రపక్షి కుందేళ్లను బూతు మాటతో పొమ్మంటుంది.